రైటర్ బల్ల దగ్గరే నీరుగారుతున్న కేసు

కారంచేడులో దళితుల మారణకాండ జరిగిన నాలుగేళ్లకు, 1989లో, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చట్టానికి పదును లేదని ఎవరూ అనలేరు. అది మొద్దుబారుతున్నది పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకునే రైటర్ బల్ల దగ్గర. 'చిన్న గొడవే కదా, పెద్దమనుషుల్లో తేల్చుకోండి' అనే సలహా అక్కడే మొదలవుతుంది.

ఈ చట్టంలో అత్యాచారం అంటే కులం పేరుతో చేసే దౌర్జన్యం; కొట్టడం, చంపడం మాత్రమే కాదు. నలుగురిలో కులం పేరుతో తిట్టడం, శ్మశానానికి దారి మూయడం, పనికి పిలవకుండా, కొట్లో సరుకు ఇవ్వకుండా వెలివేయడం కూడా నేరాలే. అయితే తిట్టిన చోటు జనం చూసేదో వినేదో కావాలి. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు అన్న మాటకు ఈ దూషణ సెక్షన్ వర్తించదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే 'కులం పేరుతో దూషించారు' అని ముక్తసరిగా రాయిస్తే చాలదు. అన్న మాట ఎంత రోతగా ఉన్నా అదే మాట రాయించాలి. ఎక్కడ, ఎన్నింటికి, ఎవరు విన్నారు, ఇరువైపులా ఎవరిది ఏ కులం అన్నవీ ఉండాలి. ఇవి తర్వాత వాంగ్మూలంలో చేరితే, కల్పించి చేర్చారని ముద్దాయి వకీలు పట్టుకుంటాడు.

ఫిర్యాదు నోటితో చెప్పినా పోలీసులు రాసుకుని, చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ముందు విచారించి చూస్తామనే మాటకు 2018 సవరణతో చోటు లేదు. పరిధి మాది కాదంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా నమోదు చేసి, సంబంధిత స్టేషన్‌కు పంపేది) అడగాలి. అదీ కాదంటే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి, ఆపైన కోర్టుకు వెళ్లాలి. విధి విస్మరించిన ఎస్సీ, ఎస్టీయేతర అధికారికి ఏడాది వరకు జైలుశిక్ష ఉంది. కానీ శాఖాపరమైన విచారణ సిఫారసు చేస్తేనే ఆ కేసు కదులుతుంది. తోటి ఉద్యోగి మీద ఆ సిఫారసు రాసేదెవరు?

దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే 60 రోజుల్లో ముగించాలి. కింది అధికారి చేసిన దర్యాప్తు కోర్టు విచారణలో కేసుకే ఎసరు పెడుతుంది. దూషణ కేసులో కేంద్ర నియమాల ప్రకారం పరిహారం లక్ష రూపాయలు: ఎఫ్ఐఆర్‌తో 25 శాతం, చార్జిషీటుతో 50, శిక్ష పడ్డాక మిగతాది. కుల ధ్రువీకరణ పత్రం చేతిలో లేకపోతే మొదటి విడతే ఆగిపోవచ్చు, కాబట్టి తహసీల్దారుకు వెంటనే దరఖాస్తు పెట్టుకోవాలి. నిందితుడి బెయిలు విచారణ సంగతి బాధితులకు ముందే తెలపాలి, వారి వాదన వినాలి. సాయానికి 14566 నంబరుకు, ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాదికి 15100 నంబరుకు ఫోన్ చేయాలి.

ఈ చట్టం అమలును చూసే జిల్లా విజిలెన్స్ కమిటీ కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారి కూర్చోవాలని నియమం. 60 రోజులు దాటిన కేసుల జాబితాను, దర్యాప్తు అధికారి పేరుతో సహా, ప్రతి సమావేశం ముందు పెట్టి ప్రజలకు వెల్లడించాలని రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలనూ కోరుతున్నాం.