పాలిటెక్నిక్‌ని మరిచిపోయారా?

అంగన్‌వాడీ నుంచి యూనివర్సిటీ దాకా మన చదువుల మెట్లు వివరించిన వ్యాసం బాగుంది. 2020 జాతీయ విద్యా విధానం బడి చదువును నాలుగు దశలుగా, ఏ దశ ఎన్నేళ్లో చెబుతూ విడగొట్టిన 5+3+3+4 లెక్క ఇప్పుడు సరిగ్గా అర్థమైంది. కానీ పదో తరగతి కాగానే ఇంటర్, ఆపైన ఈఏపీసెట్ అని చకచకా దాటేశారు. పదో తరగతి తర్వాత ఇంజినీరింగ్ డిప్లొమా చేసే పాలిటెక్నిక్ ఊసే లేదండీ!

మా చిత్తూరులో రిజల్ట్స్ వస్తే చాలు, ఏ సర్కిల్‌లో చూసినా ర్యాంకుల ఫ్లెక్సీలే. 2015లో తిరుపతికి ఐఐటీ, ఐసర్ (సైన్స్ చదువులు, పరిశోధనల కేంద్ర సంస్థ) రెండూ వచ్చాక తల్లిదండ్రుల చూపంతా అటే. పాలిటెక్నిక్‌కి ఫ్లెక్సీ కట్టేదెవరు? మా పక్కింటమ్మాయి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసింది, డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరింది. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరు. ఇటు మూడూ మూడూ ఆరే. పైగా మధ్యలో ఆగాల్సొచ్చినా చేతిలో డిప్లొమా ఉంటుంది. బీటెక్‌లో మ్యాథ్స్‌తో కొంచెం టెన్షన్ పడింది, అది వేరే సంగతి.

ఇంకొకటి. ఆ 5+3+3+4లో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఒకే దశ అని కాగితం మీద ఉంది, సరే. కానీ 2009 విద్యాహక్కు చట్టం ఉచిత నిర్బంధ విద్య అన్నది 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే, అంటే ఎనిమిదో తరగతి వరకే. ఫీజుల బరువు అసలు మొదలయ్యేది ఆ తర్వాతే కదా! రెండో భాగం రాస్తే దీని గురించీ, ఐటీఐల గురించీ కూడా రాయండి.