సవరణ: కథానాయకుడైతే తేలికేనా?
"కొత్తవాళ్లు కథానాయకుడితోనే మొదలుపెట్టండి" అని భీమవరం, అమలాపురం కుర్రాళ్లకు మొన్న నేను రాసిన మాట స్ట్రీట్ ఫైటర్ అనే ఫైటింగ్ వీడియో గేమ్‌లోని ర్యూకు సరిపోతుంది, అలాంటి గేమే అయిన టెక్కెన్‌లోని కజూయాకు కాదు.

1994 నాటి తొలి టెక్కెన్ కథానాయకుడు కజూయా. అతడి మెరుపు గుద్దుకు జాయ్‌స్టిక్‌ను ముందుకు తోసి వదలాలి, కిందికి లాగాలి, అక్కడి నుంచి కింది ముందు మూలకు తేవాలి. మూలకు చేరిన ఫ్రేములోనే, అంటే సెకనులో 60వ వంతులోనే, బటన్ నొక్కాలి. రవ్వంత ఆలస్యమైతే పడేది మామూలు గుద్దే. ఎదుటివాడు దాన్ని అడ్డుకుంటే తిరుగు దెబ్బ ఖాయం. సరిగ్గా పడిందా, పిడికిలి చుట్టూ మెరుపు! అడ్డుకున్నా పైచేయి మనదే. సాధన చేసినవాడికే ఆ మెరుపు దక్కుతుందని చూసేవాళ్లకూ తెలుసు, అందుకే అంత మోజు. తండ్రి కొండ మీంచి తోసేస్తే పాకుతూ పైకొచ్చిన వాడి పాత్ర సులువుగా లొంగితే నాకు నచ్చేది కాదు. అతడే కావాలనుకునే కొత్తవాళ్లు ముందు మామూలు దెబ్బలతో ఆడండి, మెరుపు సంగతి తరవాత.