పర్యావరణం కడుపు నిండినవాళ్ల వ్యవహారమా?

పర్యావరణ స్పృహ సంపన్న దేశాల నుంచి మనకు దిగుమతి అయిందనీ, పేదవాడికి కావలసింది కూడే తప్ప చెట్టు కాదనీ ఒక వాదన విస్తృతంగా ప్రచారంలో ఉంది. చెట్లను హత్తుకుని నరికివేతను ఆపిన హిమాలయ గ్రామీణుల చిప్కో అసలు పర్యావరణ ఉద్యమం కాదు, రైతు ఉద్యమమని చరిత్రకారుడు రామచంద్ర గుహే రాశారని దానికి సాక్ష్యం చూపుతున్నారు.

దిగుమతి మాట తేదీల దగ్గరే వీగిపోతుంది. పురుగుమందుల ముప్పును చెప్పి అమెరికాను కదిలించిన రేచల్ కార్సన్ పుస్తకం ‘సైలెంట్ స్ప్రింగ్’ 1962లో వచ్చింది. తరిగిపోయే వనరుల మీద ఆధారపడిన ఆర్థిక వ్యవస్థ హింసకు దారితీస్తుందని గాంధేయ ఆర్థికవేత్త జె.సి. కుమారప్ప జైలులో ఉండి రాసిన పుస్తకం 1945 నాటిది. ప్రకృతి పరిశీలకుడు ఎం. కృష్ణన్ 1950లో స్టేట్స్‌మన్ పత్రికలో మొదలుపెట్టిన ప్రకృతి శీర్షికను 1996లో కన్నుమూసేదాకా కొనసాగించారు.

గుహ వన్యప్రాణి రక్షణకు వ్యతిరేకి అన్న ఆరోపణ కూడా సరికాదు. 1989 నాటి వ్యాసంలో ఆయన తప్పుపట్టింది పులిని కాపాడటాన్ని కాదు, ఆ భారాన్ని అడవి అంచు పల్లెల మీద మోపడాన్ని.

ఇక అసలు విషయం చిప్కో. హిమాలయాల్లోని కుమావూఁ, గఢ్వాల్ ప్రాంతాల రైతులు అటవీ చట్టాలపై తరతరాలుగా సాగించిన పోరాటంలో చిప్కో ఒక ఘట్టమని గుహ ‘ది అన్‌క్వైట్ వుడ్స్’లో నిరూపించిన మాట నిజం. అయితే అందువల్ల అది పర్యావరణ ఉద్యమం కాకుండా పోతుందని ఆయన అనలేదు, అనడానికి వీలూ లేదు. 1973లో వ్యవసాయ పనిముట్ల కోసం స్థానిక సహకార సంఘం అడిగిన అంగు చెట్లను అటవీశాఖ నిరాకరించి, అవే చెట్లను క్రీడా సామగ్రి తయారుచేసే అలహాబాద్ కంపెనీకి కేటాయించింది. కాడికి కర్ర దొరకని రైతుకు అడవి గురించిన ఆలోచన వేరు, బతుకు గురించిన ఆలోచన వేరు ఎలా అవుతాయి? అప్పటికే 1970 అలకనంద వరదలో ఊళ్లు నష్టపోయాయి. కొండల మీద చెట్లు నరకడానికీ ఆ వరదకూ ఉన్న సంబంధాన్ని గ్రామస్థులే ముందు గుర్తించారు.

1974 మార్చి 26న రేణి గ్రామంలో, పరిహారం పేరుతో మగవాళ్లను ఊరు దాటించిన సమయంలో, గౌరాదేవి వెంట నడిచిన మహిళలు కూలీలకు అడ్డు నిలిచి, అడవి తమ పుట్టిల్లని చెప్పి వెనక్కి పంపారు. ఆ తరువాత ప్రభుత్వం వృక్షశాస్త్రజ్ఞుడు వీరేంద్ర కుమార్ అధ్యక్షతన నియమించిన కమిటీ వాళ్ల భయం సహేతుకమేనని తేల్చడంతో, అలకనంద ఎగువ పరీవాహక ప్రాంతంలో పదేళ్లపాటు చెట్ల నరికివేత నిలిచిపోయింది.