హెలికాప్టర్ సరే, ఆ కాంక్రీటు సంగతేంటి?

టొరంటో సీఎన్ టవర్ గురించి ఎవరు మొదలుపెట్టినా ముందు ఓల్గా దగ్గరికే వెళ్తారు, అదేనండి, 1975లో యాంటెన్నా ముక్కల్ని ఒక్కొక్కటే మోసుకెళ్లి పైన దించిన ఆ పెద్ద సికోర్‌స్కీ హెలికాప్టర్. ఆర్నెల్లు పడుతుందనుకున్న పని మూడున్నర వారాల్లో అయిపోయింది, గొప్ప విషయమే, కాదనను. కానీ 553 మీటర్ల టవర్‌ని నిలబెట్టిన కాంక్రీటు పనిని మాత్రం ఒక్క లైన్లో తేల్చేస్తారు, నా బాధంతా అదే.

అసలు అంత ఎత్తు ఎందుకంటే, 1960ల్లో ఆ ఊళ్లో పెద్ద బిల్డింగులు లేచేసరికి టీవీ సిగ్నల్స్ వాటికి తగిలి చెదిరిపోయేవి. వాటన్నిటి పైనుంచి పంపాలని కెనడియన్ నేషనల్ రైల్వే 1973 ఫిబ్రవరిలో పని మొదలుపెట్టింది.

గోడలు లేపింది స్లిప్‌ఫామ్ పద్ధతిలో. అంటే సెంట్రింగ్ విప్పడం, మళ్లీ పైన కట్టడం ఉండదు, కాంక్రీటు గట్టిపడేకొద్దీ హైడ్రాలిక్ జాకులు ఆ అచ్చు మొత్తాన్నీ పైకి జరుపుతుంటాయి, పైగా టవర్ పైకి పోయేకొద్దీ సన్నబడాలి కాబట్టి అచ్చుని కూడా లోపలికి కుదించుకుంటూ పోవాలి. తొందరపడి లేపారా, కింద పచ్చి కాంక్రీటు జారిపోతుంది. ఆలస్యం చేశారా, అచ్చుకి పట్టేసి గోడ చీలుతుంది. రాత్రీపగలూ పోస్తూ ఈ రెంటి మధ్యా రోజుకి 6 మీటర్ల చొప్పున లేపుకుంటూ వెళ్లారు!

మరి వంకర పోకుండా? లోపల బరువైన తూకం గుండ్లు వేలాడదీసి కింద నుంచి చిన్న టెలిస్కోపులతో చూసేవాళ్లు. తాపీమేస్త్రీ గోడకి పట్టే గుండు ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. మొత్తం మీద వచ్చిన తేడా 29 మిల్లీమీటర్లు, రెండు వేళ్ల వెడల్పు కూడా లేదు. ఓల్గా తెచ్చిన ముక్కలు ఒకదానిమీద ఒకటి నిటారుగా కూర్చున్నాయంటే ముందు ఇది కుదరబట్టే.

ఇంకోటి గాలి. గాలి ఒకవైపు నుంచి కొడితే ఆ వైపు గోడ సాగాలని చూస్తుంది, కాంక్రీటు ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది గానీ లాగితే పగులుతుంది. అందుకే స్టీలు తీగల్ని గట్టిగా లాగి బిగించి గోడని ముందే నొక్కి పెట్టారు, ఇప్పుడు ఎంత గాలి కొట్టినా ముందు ఆ నొక్కుడే కాస్త సడలుతుంది.