ఆ మౌనం వెనుక పొలం ఉంది

స్కాండినేవియా పల్లె సినిమా చూసిన సమీక్షకుడు ముందు మంచు గురించి రాస్తాడు. చలి దేశం, వెలుతురు లేని శీతకాలం, అందుకే మనుషులు ముభావంగా ఉంటారని తేల్చేస్తాడు. బద్ధకపు వివరణ. ఆ పాత్రల నోరు కట్టేసినవి పొలమూ చర్చీ.

నార్వేలో తరతరాల పొలంపై వారసుడికి ఉండే 'ఓడెల్' హక్కును రద్దు చేయరాదని 1814 రాజ్యాంగమే చెప్పింది. పొలం ముక్కలు కాకూడదు, ఒక్కరికే దక్కాలి. కూతుళ్లకు అందులో సమానత్వం 1974 చట్టంతో గాని రాలేదు. అలాంటి ఇంట్లో మాట జారితే బంధంతో పాటు బతుకుతెరువూ తెగుతుంది. నార్వే నవలాకారుడు టార్యేయ్ వేసాస్ పెద్దకొడుకై పుట్టీ టెలిమార్క్‌ ప్రాంతంలోని సొంత పొలాన్ని వద్దన్నాడు. 1957లో ఆయన రాసిన 'పక్షులు' నవలలో మత్తిస్ పొలం పనికి కొరగానివాడు. అక్క హేగె స్వెటర్లు అల్లి పోషిస్తుంది. అతను పడవలో సరస్సు దాటించిన ఏకైక ప్రయాణికుడే ఆమెకు ప్రియుడవుతాడు. ఇక ఆ ఇంట్లో తనకు చోటుందా లేదా అన్న తీర్పును మత్తిస్ సరస్సుకే వదిలేస్తాడు.

డెన్మార్క్ దర్శకుడు డ్రెయర్ తీసిన 'ఓర్డెట్' (1955) సినిమా ఇంకా గట్టి సాక్ష్యం. డెన్మార్క్‌లోని పశ్చిమ జట్లండ్‌లో రైతు మోర్టెన్, దర్జీ పేతర్ ఇద్దరూ క్రైస్తవులే, కానీ శాఖలు వేరు. పిల్లల పెళ్లికి అదే అడ్డు. కెమెరా నిమిషాల తరబడి కట్ లేకుండా గదిలో మెల్లగా తిరుగుతుంది. మోర్టెన్ కోడలు ఇంగర్ ప్రసవంలో పోయాక, ఆమె ఆత్మ దేవుడి దగ్గరుందని అతను కొడుకును ఓదారుస్తాడు. నేను ఆమె దేహాన్ని కూడా ప్రేమించానంటాడు భర్త మిక్కెల్. రెండు గంటలు ఓపిగ్గా బిగించిన సినిమా ఆ మాట దగ్గర తెగుతుంది. అదే మాట మొదటి సన్నివేశంలో వస్తే ఎవరి మనసుకు తాకుతుంది?

ఇదంతా చిత్రోత్సవాల జ్యూరీలను మెప్పించే నెమ్మది అనేవారున్నారు. అలాంటి ఖాళీ సినిమాలు లేకపోలేదు. వాటిలో పాత్రలకు పోగొట్టుకోవడానికి ఏమీ ఉండదు, తేడా అక్కడే.

నాకు అసలు చిరాకు మాట్లాడని రైతును మహర్షిని చేసే అలవాటు మీద. నార్వే రచయిత క్నూట్ హామ్సున్ నవల 'గ్రోత్ ఆఫ్ ది సాయిల్' (1917) ఆ పనే చేసింది. 1920లో నోబెల్ తెచ్చింది. బంజరు సాగుచేసే ఇసాక్‌ను అందరూ గుర్తుంచుకుంటారు. పెదవి చీలికతో పుట్టిన బిడ్డను చంపుకుని జైలుకెళ్లిన అతని భార్య గురించి తక్కువ మందే మాట్లాడతారు. నేలనూ నెత్తురునూ పూజించే నాజీలకు అలాంటి మూగ రైతు ఎంత నచ్చుతాడో వేరే చెప్పాలా? 1943లో హామ్సున్ తన నోబెల్ పతకాన్ని నాజీ ప్రచార మంత్రి గోబెల్స్‌కు బహూకరించాడు. 'ఓర్డెట్' మూల నాటకం రాసిన పాస్టర్ కై మంక్ కూడా మొదట్లో నియంతలను మెచ్చినవాడే. కానీ డెన్మార్క్‌ను నాజీలు ఆక్రమించాక చర్చి వేదిక మీంచే ఎదిరించాడు. 1944 జనవరిలో నాజీల రహస్య పోలీసు గెస్టపో అతన్ని కాల్చి చంపింది.