కమీషన్ కావాలి, బాధ్యత వద్దా?

ఆన్‌లైన్ వేలం సైటులో ఖరీదైన ఫోన్ పేరుతో వేలం పెడతారు. ఫొటోలోనూ ఫోనే ఉంటుంది. ధర మాత్రం నమ్మలేనంత తక్కువ. వివరణ చివరిదాకా ఓపిగ్గా చదివితే తెలుస్తుంది, అక్కడ అమ్ముతున్నది ఒక ఈ-బుక్ అని. అది కొన్నవారి పేరు ‘ఉచిత బహుమతి’ జాబితాలో చేరుతుంది. తమ తర్వాత తగినంత మంది కొంటే ఫోన్ వస్తుంది, కొనకపోతే రాదు. మ్యాట్రిక్స్ అని పేరు పెట్టినా, గిఫ్ట్ క్లబ్ అని పిలిచినా ఇది గొలుసుకట్టు మోసమే. పాఠకులకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఈ మోసం చేసేవాళ్ల గురించి అందరూ మాట్లాడుతున్నారు. ప్రతి అమ్మకంలోనూ తన వాటా తీసుకునే వేలం సైటు గురించి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. మా అభ్యంతరం అక్కడే.

ముందు లెక్క చూడండి. ఒక ఫోన్ ఇవ్వడానికి 50 మంది కొనాలన్నది నియమం అనుకుందాం. మొదటి వ్యక్తికి ఫోన్ అందేసరికి వెనకాల 49 మంది ఎదురుచూస్తుంటారు. వందో వ్యక్తికి అందాలంటే మొత్తం 5,000 మంది చేరాలి. వెయ్యో వ్యక్తికైతే 50,000 మంది. స్కీం ఎంత పెరిగినా, నిర్వాహకుడు ఎంత నిజాయతీగా నడిపినా, ఏ రోజు లెక్క తీసినా నూటికి కనీసం 98 మంది చేతిలో ఆ ఈ-బుక్ తప్ప ఏమీ ఉండదు. నిర్వాహకుడు డబ్బుతో పారిపోతేనే మోసం అనుకోవడం పొరపాటు. పారిపోకపోయినా ఇది మోసమే. ఇక ఆ జాబితాలో ముందున్న పేర్లు నిజమైన మనుషులవో, నిర్వాహకుడు తానే పెట్టుకున్నవో తేల్చుకునే దారి కొన్నవారికి ఉండదు.

రెండో రకం మరీ దారుణం. ‘ఇంట్లో కూర్చుని సంపాదించే మార్గం’ అంటూ ఒక రిపోర్టును వేలానికి పెడతారు. డబ్బు కట్టాక వచ్చే ఫైలులో ఉండేది, ఇదే రిపోర్టును ఇదే మాటలతో మళ్లీ వేలానికి ఎలా పెట్టాలన్న సూచనలు. తిరిగి అమ్ముకునే హక్కు కూడా ఇచ్చామంటారు. అంటే పోయిన డబ్బు రాబట్టుకోవాలంటే ఇంకొకరికి అంటగట్టాలి. ఒక్కొక్కరు ఆరుగురికి అమ్మాలనుకుంటే పదమూడో మెట్టులోనే 1,300 కోట్ల మందికి పైగా కావాలి. ప్రపంచ జనాభా 800 కోట్ల పైచిలుకు. ఈ ఒక్క లెక్క ఆ లిస్టింగ్ (సైటులో పెట్టిన అమ్మకపు ప్రకటన) పక్కనే పెద్ద అక్షరాల్లో వేస్తే ఎంతమంది కొంటారు? కానీ వెయ్యరు. ఎందుకంటే ప్రతి మెట్టులోనూ ఒక కొత్త లిస్టింగ్, ఒక కొత్త అమ్మకం, ఒక కొత్త కమీషన్ ఉన్నాయి.

ఈ మోసంలో మమ్మల్ని ఎక్కువగా కలచివేసేది, బాధితుడే తర్వాతి అమ్మకందారుగా మారడం. జాబితాలో తన పేరు ముందుకు జరగాలంటే అతనూ లిస్టింగ్‌లు పెట్టాలి, తెలిసినవాళ్లను చేర్చాలి. ఫిర్యాదు వచ్చిన రోజున ఎవరి ఖాతా మూతపడుతుంది? అతనిదే. అసలు నిర్వాహకుడు బయట ఎక్కడో తన సొంత సైటులో జాబితా నడుపుకుంటూ ఉంటాడు. వేలం సైటులో అతని పేరే ఉండకపోవచ్చు. కమీషన్ తీసుకున్న సంస్థ మాత్రం బాధితుడి ఖాతా మూసేసి చర్య తీసుకున్నామని చెప్పుకుంటుంది.

రేటింగ్‌ల సంగతీ అంతే. ఈ-బుక్ డబ్బు కట్టిన నిమిషాల్లో మెయిల్‌కు వచ్చేస్తుంది. కొన్నవాడు వెంటనే మంచి ఫీడ్‌బ్యాక్ రాస్తాడు. ఫోన్ రాదని అతనికి అర్థమయ్యేసరికి నెలలు గడుస్తాయి, ఫీడ్‌బ్యాక్ మార్చే గడువూ, డబ్బు వెనక్కి అడిగే గడువూ దాటిపోతాయి. ఆ మంచి రేటింగ్ చూసి తర్వాతివాడు నమ్ముతాడు. ఫిర్యాదు చేస్తే, వేలంలో చెప్పిన ఈ-బుక్ అందింది కదా అని సమాధానం వస్తుంది. ఈ సందుల్ని మోసగాళ్లు కనిపెట్టారు సరే, ఆ సందులు తయారైంది మాత్రం కమీషన్ తీసుకునేవారి నిబంధనల్లోనే.

నిబంధనలు లేవని కాదు. పిరమిడ్ (గొలుసుకట్టు), మ్యాట్రిక్స్ స్కీంలను వేలం సైటు ఈబే తన విధానంలో నిషేధించింది. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ కూడా నిషేధించింది. 1975లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కాస్కాట్ అనే సౌందర్య సాధనాల కంపెనీ కేసులో గీత స్పష్టంగా గీసింది: సరుకు వాడుకునేవారికి అమ్మడంతో సంబంధం లేకుండా, మనుషుల్ని చేర్పించినందుకు ప్రతిఫలం దక్కితే అది పిరమిడ్ స్కీం. 2005లో బ్రిటన్ ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ కొన్ని మ్యాట్రిక్స్ సైట్లను చట్టవిరుద్ధమైన లాటరీలుగా తేల్చింది. కాబట్టి ఇది తప్పో ఒప్పో తెలియలేదన్న సాకు ఎవరికీ మిగల్లేదు. తలచుకుంటే సైట్లు ఏం చేయగలవో కూడా చూశాం. 2008లో ఈబే డౌన్‌లోడ్ చేసుకునే ఫైళ్లను మామూలు వేలాల్లోంచి తీసేసి క్లాసిఫైడ్ ప్రకటనలకు పరిమితం చేసింది, ఎందుకంటే వాటితో ఫీడ్‌బ్యాక్‌ను కృత్రిమంగా పెంచుకుంటున్నారు. తమ రేటింగ్ వ్యవస్థకే ముప్పు వచ్చినప్పుడు ఒక్క నిర్ణయంతో తలుపు మూయగలిగారు. కొనుగోలుదారు డబ్బుకు ముప్పు వచ్చినప్పుడు మాత్రం ఫిర్యాదులు రావాలని ఎదురుచూస్తారా?

కోట్ల కొద్దీ లిస్టింగ్‌లు ఉంటాయని, అన్నీ ముందే చూడటం సాధ్యం కాదని, తాము మధ్యవర్తులం మాత్రమేనని సంస్థలు అంటాయి. కొనేవాళ్లూ జాగ్రత్తగా ఉండాలన్న మాట నిజమే. కానీ అన్ని కోట్ల లిస్టింగ్‌ల నుంచీ పైసాతో సహా రుసుము లెక్కగట్టి వసూలు చేయగల యంత్రాంగం ఉన్నప్పుడు, అదే వాక్యాలు వందల ఖాతాల్లో పదే పదే కనిపిస్తే పట్టుకోవడం ఎందుకు సాధ్యం కాదు? ఈ మోసానికి ఆయువుపట్టే కాపీ. ఒకే వివరణ, ఒకే ఫొటో, ఒకే బయటి లింకు. ఇంతకంటే సులువుగా దొరికే మోసం మరొకటి ఉండదు. కమీషన్ తీసుకునేటప్పుడు వ్యాపార భాగస్వామి, నష్టం వచ్చినప్పుడు మధ్యవర్తి అంటే ఒప్పుకోం.

అడుగుతున్నది పెద్ద కోరికేమీ కాదు. ‘జాబితాలో స్థానం’, ‘తిరిగి అమ్ముకునే హక్కు’ లాంటి వాటిని సరుకుగా చూపే లిస్టింగ్‌లను పెట్టకముందే ఆపాలి. ఒక లిస్టింగ్‌ను తొలగిస్తే, అదే వివరణ ఉన్నవన్నీ అదే రోజు తొలగించాలి. గడువు దాటిందన్న కారణంతో బాధితుల ఫిర్యాదును తిరస్కరించకూడదు. తొలగించిన లిస్టింగ్‌ల మీద వసూలైన రుసుమెంతో, అందులో బాధితులకు తిరిగిచ్చిందెంతో ఏటా బయటపెట్టాలి. నియంత్రణ సంస్థలు ఈ చివరి లెక్కను తప్పనిసరి చేస్తే మిగతావి వాటంతటవే కదులుతాయి.

మోసపోయినవాడి ఖాతా మూసి, ఆ మోసం మీద వచ్చిన కమీషన్‌ను దాచుకునే సంస్థలకు వినియోగదారుల భద్రత గురించి ఉపన్యాసాలు ఇచ్చే అర్హత లేదు. ముందు ఆ డబ్బు వెనక్కి ఇవ్వండి.