వేలిముద్ర పడకపోతే బియ్యం ఇవ్వరా?

"వేలు గట్టిగా నొక్కమ్మా. తుడిచి పెట్టు. ఇంకో వేలు పెట్టు." రేషన్ షాపులో ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. జీవితమంతా నాట్లేసి, కలుపు తీసి, అంట్లు తోమి అరిగిపోయిన వేళ్లవి! మిషన్ గుర్తుపట్టకపోతే తప్పు ఆమెదా? లైనంతా చూస్తుంటే ఆ ముసలామె కొంగుతో వేళ్లు తుడుచుకుంటూ నిలబడాలి. దొంగతనం చేసిందా ఏమన్నా?

సర్వర్ డౌన్ అయితే రేపు రమ్మంటారు. రేపటి కూలి ఎవరిస్తారు?

ఉపాధి హామీలోనూ ఇదే గోస. 2023 జనవరి నుంచి రెండు పూటలా యాప్‌లో ఫొటో ఎక్కాలి. సిగ్నల్ లేకపోతే? ఎండలో తట్టలు మోసిన మనిషి హాజరు గల్లంతు!

తెలంగాణలోనైతే కంప్యూటర్ లెక్క చూసి సుమారు 19 లక్షల రేషన్ కార్డులు తీసేశారు. మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. తీసేసే ముందు ఒక్కసారి ఇంటికెళ్లి అడగలేరా?

వేలిముద్ర పడలేదని ఎవరికీ రావాల్సింది ఆపకూడదని 2018 ఆధార్ తీర్పులోనే ఉంది. ఐరిస్ ఉంది, ఓటీపీ ఉంది, అవీ కాకపోతే రిజిస్టర్ ఉంది. మరి డీలర్‌కి ఆ సంగతి గట్టిగా చెప్పేదెవరు? ప్రతి షాపు గోడ మీదా పెద్దక్షరాలతో రాయించండి. ఈ నెలలోనే రాయించండి.